చెంగమ్మ చేతులారా ఇచ్చిన టాక్సీ

చెంగమ్మకున్నంత బడాయి ముత్యాలపేట సందు మొత్తం జల్లెడ పట్టినా దొరికేది కాదు. మొగుడు దేవరాజులు పాత మోరిస్ కారొకటి ఫైనాన్సు కంపెనీ దగ్గర తవణల మీద, అంటే వాయిదాల లెక్కన, తెచ్చి టాక్సీగా తిప్పుతుంటే, ఈవిడ ఎదురింటి అలమేలుతో, "మొత్తం రొక్కం పోసి కొన్నాం వదినా, అప్పనేది మా ఇంటావంటా లేదు" అంది. ఎవరూ అడగలేదు. అడగకపోయినా చెప్పింది, చెప్పినాక రెండేళ్లు ఆ మాటను మోసింది.

అంతలో దేవరాజులుకు టైఫాయిడ్ వచ్చింది. తవణలు నిలిచిపోయాయి. పెద్దాసుపత్రికి పోయేముందు అతను బండిని తండ్రి కాలపు జట్కా కొట్టంలో పెట్టి, ఇంజన్‌లోంచి రోటర్ అనే చిన్న ముక్కను ఊడదీసి పెళ్లాం చేతిలో పెట్టాడు. అది లేకపోతే బండి కదలదు.

"కంపెనీవాళ్లు వస్తారు. నేను లేచొచ్చి మాట్లాడతానని చెప్పు. కొట్టం తలుపు తియ్యబాకు. ఇది ఎవరికీ ఇయ్యబాకు. బండి పోతే మనకింకేమీ లేదు చెంగా."

"నేనేమన్నా పాలుతాగే బిడ్డనా?" అంది చెంగమ్మ, ముక్కను కొంగున ముడేసుకుంటూ.

కంపెనీ మనిషి నాగప్పన్ పొద్దున్నే ఒక మెకానిక్కును వెంటేసుకుని వచ్చాడు. ఆయన జ్వరం తగ్గినాక రమ్మంది చెంగమ్మ. నాగప్పన్ పిడుగులాంటి గొంతు తెరిచాడు.

"ఏమ్మా, మూడు తవణలు నిలబెట్టి ఇంకా టైమంటే ఎట్టమ్మా?"

"మెల్లగా మాట్లాడప్పా."

"ఎందుకు మెల్లగా? అప్పు తీసుకునేటప్పుడు సిగ్గు లేదా?"

కిటికీలు తెరుచుకున్నాయి. అలమేలు బిందె చంకన పెట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. నాగప్పన్ మళ్లీ నోరు తెరవబోయాడు. చెంగమ్మ గబగబా కొట్టం తలుపు తీసి, కొంగు ముడి విప్పి, ముక్కనూ, బండి తాళంచెవినీ వాడి చేతిలో పెట్టింది. బండి సందు దాటుతుంటే అలమేలు వైపు తిరిగి, "రిపేరుకు పోతా ఉంది వదినా" అంది. అవును మరి, నవ్వుతూనే అంది.

సాయంత్రానికి ఆ నవ్వు లేదు. దేవరాజులు బండిలో రోజూ కోర్టుకు పోయే వకీలు వరదరాజులు ఇంటి మెట్ల మీద కూర్చుని ఏడ్చింది.

"ఆఖరి తవణ కట్టేదాకా బండి కంపెనీదే, నిజమే," అన్నాడాయన. "అయినా మీ కొట్టంలో జొరబడి లాక్కుపోయే హక్కు వాళ్లకు లేదు. నువ్వు ఇయ్యనంటే వాళ్లు కోర్టుకెక్కాల్సిందే. ఆడ గడువు అడిగేవాణ్ణి గదా! ఒక్క మాట నాకు కబురు పెట్టకూడదా?"

"ఇప్పుడడగండి సామీ."

"ఏమని అడిగేది? కొట్టినారా? తలుపు పగలగొట్టినారా? చేతులారా ఇచ్చినావే!"

"మరి రెండేళ్లు కట్టిన డబ్బు?"

"అదంతా బాడుగ కింద పోయినట్టే చెంగమ్మా."

మర్నాడు ఆసుపత్రిలో దేవరాజులు దిండుకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. జ్వరం దిగింది. వారంలో ఇంటికి పంపుతామన్నారట. మొహంలో కళ కూడా వచ్చింది పాపం.

"ముక్క భద్రంగా ఉందా?"

"ఇచ్చేసినా."

"చెయ్యి చేసుకున్నారా నీ మీద?"

"లేదు."

"మరేమైంది?"

చెంగమ్మ మంచం కోడు పట్టుకుంది. "అలమేలు గుమ్మంలో నిలబడుండింది."



"మన తవణల సంగతి ఆయమ్మకు ఎప్పుడో తెలుసునే," అన్నాడు దేవరాజులు. "మొదటి తవణకు చాలకపోతే వాళ్లాయన దగ్గరే చేబదులు తీసుకున్నా. ఇచ్చింది ఆయమ్మే, తన చేత్తో."

అతను దిండు మీంచి జారి గోడవైపు తిరిగి పడుకున్నాడు. చూడవచ్చినవాళ్లను పొమ్మని నర్సు కేకేసింది. అతను అటు తిరిగే అడిగాడు.

"బస్సుకు చిల్లరుందా?"

"లేదు. నడిచే పోతా."