లెక్కలోకి రాని మట్టికట్ట

మా మేడమ్ పోయారన్న కబురు బుధవారం మధ్యాహ్నం వాళ్లబ్బాయి ఫోన్ చేసి చెప్పాడు. అప్పటికి నా కంప్యూటర్‌లో వరద లెక్క రెండోసారి సగం నడిచి ఉంది. గవర్నర్‌పేటలో బట్టల హోల్‌సేల్ షాపు పైన, మేడమ్ పెట్టిన రెండు గదుల ఆఫీసు మాది. కాలేజీలో ఆమె దగ్గరే చదువుకుని ఆమె దగ్గరే ఉద్యోగంలో చేరినదాన్ని. లెక్క ఆపాలో నడవనివ్వాలో తెలియలేదు. లేచాను, కూర్చున్నాను, కిటికీ తీశాను, మూశాను. సాయంత్రం వాళ్లింట్లో ఆడవాళ్ల మధ్య కూడా పావుగంట కుదురుగా కూర్చోలేకపోయాను. ఇవాళ్టిదాకా అదే వరస.

మా పని గురించి చెప్పడం తేలికే. ఒక ఊరి ఎత్తుపల్లాలు, కాలువలు, తూములు కంప్యూటర్‌లోకి ఎక్కించి, ఆ మోడల్ మీద ఉత్తుత్తి వాన కురిపిస్తాం. నీళ్లు ఎక్కడ నిలుస్తాయో చూసి, తూము ఎంత వెడల్పు కట్టాలో చెబుతాం. రేపు నిజం వాన వచ్చి మా లెక్క తప్పని తేలితే మునిగేది మేం కాదు. మేడమ్‌ని స్థిమితంగా ఉండనివ్వనిది ఈ సంగతే.

ఆమెది కొండపల్లి. వాళ్ల నాన్నగారు బొమ్మలకు రంగులు వేసేవారట. క్లాసులో మొదటిరోజే అన్నారు: "మా నాన్న రంగేసిన ఏనుగు ఏనుగులా కనబడితే చాలు. దాని మీద ఎవరూ ఎక్కరు. మీరు చేసే బొమ్మ మీద ఊరు ఊరంతా ఎక్కుతుంది." మేం నవ్వాం. ఆమె నవ్వకుండా హాజరు పట్టీ తీశారు.

టీ కూర్చుని తాగడం ఆమెకు చేతకాదు. గ్లాసు పట్టుకుని మా కుర్చీల వెనకాల తిరుగుతూ తాగేవారు. రంజాన్ నెలలో గ్లాసు ఉండేది కాదు గానీ తిరుగుడు మాత్రం ఉండేది. రంగురంగుల మ్యాపు మరీ అందంగా వస్తే ఆమెకు అనుమానం. "ముగ్గులా ఉందమ్మా, వాకిట్లో వేసుకో," అనేవారు. ఆ మాట పడనివాళ్లు మా ఆఫీసులో లేరు.

ఆమె మీద నాకు ఒళ్లు మండిన రోజు ఒకటుంది. మాది కంకిపాడు దగ్గర పల్లెటూరు. మా ఊరి మురుగు కాలువ పనే ఆఫీసుకు వచ్చింది. పుట్టిపెరిగిన ఊరు, నాకు తెలియందేముందని చకచకా చేసేశాను. ఒక్క తూము చాలని తేలింది. మేడమ్ చూసి, "లస్కర్ని అడిగావా?" అన్నారు. లస్కరంటే గట్ల వెంట తిరుగుతూ లాకులూ తూములూ చూసుకునే మనిషి.

"సర్వే కాగితాలున్నాయి కదా మేడమ్."

"కాగితాల్లో కాలువే ఉంటుంది. కాలువలో ఏముంటుందో ఆయనకి తెలుసు. పద."

మే నెల ఎండలో గట్టు మీద నడిపించారు. లస్కరు తలగుడ్డతో మొహం తుడుచుకుని నన్ను ఎగాదిగా చూశాడు.

"ఇదేంటమ్మాయ్, నువ్వడుగుతున్నావా? నాట్లప్పుడు ఈ కాలవకి అడ్డంగా మట్టికట్ట ఏసేది మీ నాన్నే గదా! ఇంజన్ పెట్టి చేలోకి నీళ్లు తోడుకుంటాడు. అది తియ్యకముందే పెద్దవానొచ్చిందనుకో, నీళ్లు ఎగదన్ని పేటలో ఇళ్లలోకి పోతాయి."

చిన్నప్పుడు ఆ కట్ట మీద కాళ్లాడిస్తూ కూర్చున్నదాన్ని నేను. ఏ కాగితంలోనూ లేదు కాబట్టి నా లెక్కలోకీ రాలేదు. మాది శివారు పొలం. పంట కాలువ నీళ్లు అక్కడిదాకా అందవు. అడ్డం వేయడం తప్పని తెలిసే నాన్న ఏటా వేస్తాడు. నాకు తల కొట్టేసినట్టయింది. తిరుగు బస్సు దిగాక మేడమ్, "ఇంటికెళ్లి మీ నాన్నగారితో గొడవ పడకు. ఆ మట్టికట్టను మోడల్లో పెట్టు," అన్నారు. ఆ మాటకు ఆమెకు ఎంత రుణపడి ఉన్నానో ఒక్కసారీ చెప్పలేదు.

ఇప్పుడు నా చేతిలో ఉన్నది విజయవాడ శివార్లలో ఒక పల్లపు కాలనీ. రిపోర్టు సోమవారం ఇవ్వాలి. ఇన్నాళ్లూ ఆఖరి సంతకం మేడమ్‌ది, ఇకనుంచి నాది. నా లెక్క ప్రకారం ఎంత పెద్దవానకైనా అక్కడ నిలిచేది మోకాలి లోతు నీళ్లే, ఉన్న తూము సరిపోతుంది. మేడమ్ ఆసుపత్రిలో ఉన్నప్పుడే చూపిద్దామనుకున్నాను. ఇంటికొచ్చాక చూపించొచ్చులే అని ఆగాను. ఆమె చూడకుండానే వెళ్లిపోయారు. ఏడుపు కన్నా ముందు కోపం వచ్చింది, నా మీదా, ఆమె మీదా.

ఆదివారం పొద్దున ఉండబట్టలేక ఆటో ఎక్కి ఆ కాలనీకి వెళ్లాను. మొదటి ఇంటి ముందు ఒకామె బట్టలు ఆరేస్తోంది. "పోయిన వానల్లో మీ ఇంట్లోకి నీళ్లు ఎంతదాకా వచ్చాయండీ?" అని అడిగాను. గోడ మీద నీటి చార చూపిస్తుందనుకున్నాను. గోడకు కొత్తగా సున్నం వేసి ఉంది. ఆమె చేతిలోని తడిచీర తీగ మీద పడేసి, లోపలున్న కూతుర్ని కేకేసింది. ఆరేళ్లుంటాయేమో, ఆ పిల్ల వచ్చి తల్లి పక్కన నిటారుగా నిలబడింది. తల్లి అరచెయ్యి చాపి, పిల్ల నెత్తికి జానెడు పైన గాలిలో ఆపింది.

"ఇక్కడిదాకండీ," అంది.

పిల్ల ఆ చేతిని తలతో తాకాలని మునివేళ్ల మీద లేచింది. అందలేదు.