ఒక చుట్టు తక్కువ

పోయిన వారం మూడు పిన్నుల ప్లగ్గు కోసం పటాన్‌చెరు బజారులో ఒక ఎలక్ట్రికల్ దుకాణానికి వెళ్తే, అద్దాల బీరువాలో ఒక వస్తువు కనిపించింది. ఒక కొసకు ప్లగ్గు, ఇంకో కొసకు సాకెట్టు, నడుమ పది చుట్లు చుట్టిన వైరు రింగు. కంపెనీ తయారీ, పైన ప్లాస్టిక్ కవరు. "కొత్తగ వచ్చింది సార్" అన్నాడు దుకాణదారు. కొత్త ఏమిటి నాయనా, ముప్పై ఏళ్ళ కిందటే మా షడ్డకుడు పాశమైలారంలో వర్క్‌షాపు బల్ల మీద దీన్ని చేశాడు అని చెప్పాలనిపించింది. కానీ ఆయన గొప్పను నా నోటితో చెప్పడం నాకు ఈ వయసులో కూడా చేతకాదు.

షడ్డకుడంటే మా ఆవిడ అక్క భర్త. నేను ఆయన్ని అన్నా అంటాను, ఆయన నన్ను తమ్మీ అంటాడు. ఇద్దరివీ సేద్యం ఇళ్ళే. పొలాల పక్కన ఫ్యాక్టరీలు లేచాక ఒకే మందుల ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియన్లుగా చేరాం. నాకు ఐటీఐ సర్టిఫికెట్ ఉంది, ఆయనకు లేదు. బావి మోటార్లు కాలిపోతే విప్పి, మళ్ళీ చుట్టి పని నేర్చుకున్న మనిషి. న్యాయంగా అయితే నన్ను చూసి ఆయన కుళ్ళుకోవాలి. జరిగింది ఉల్టా.

ఆయన చేతికి ఏది దొరికినా అది కరెంటు చూసే మీటరుకు పనికొచ్చే వస్తువయ్యేది. మా ప్యానెళ్ళలో స్క్రూలు ఒకదానికొకటి ఆనుకుని ఉండేవి. మీటరుతో వచ్చిన లావు కడ్డీలు పెడితే రెండింటికీ తగిలి ఫ్యూజు ఎగిరిపోయేది. ఆయన కుట్టుమిషను సూదికి వైరు అతికించి, అయిపోయిన బాల్ పెన్నులో దూర్చి, మొన మాత్రం బయటికి ఉంచి ఎంసీల్‌తో బిగించాడు. ఎర్ర పెన్నొకటి, నల్ల పెన్నొకటి. నెల తిరిగేసరికి అన్ని షిఫ్టుల వాళ్ళూ "అన్నా, నాకో జత" అని వెంటపడ్డారు. నేను అడగలేదు. ఇంటి దగ్గర చాటుగా చేసుకోబోయి రెండు సూదులు విరగ్గొట్టాను. అవి మా ఆవిడ మిషనువి. "మా బావనడిగితే చేసిస్తడు గద" అంది. పుండు మీద కారం చల్లడం ఆమెకు పుట్టుకతో వచ్చిన విద్య.

దసరాకు వర్క్‌షాపులో పనిముట్లకు పూజ చేసేవాళ్ళం. నేను సొంత జీతంతో కొనుక్కున్న మీటరును పీట మీద మధ్యలో పెట్టాను. పూజ చేసే పెద్దాయన దాన్ని పక్కకు జరిపి ఆ బాల్ పెన్నులను అక్కడ పెట్టి కుంకుమ బొట్లు పెట్టాడు. దండం పెడుతున్నాను గానీ నా కళ్ళల్లో నిప్పులే ఉన్నాయి.

ఆ తర్వాత వచ్చింది రింగు. టాంగ్ టెస్టర్ అని పట్టకారులాంటి మీటరు ఉంటుంది. వైరును కోయకుండా దాని దవడల మధ్య పెడితే ఎంత కరెంటు పారుతోందో ముల్లు చూపిస్తుంది. చిన్న పంపులు లాగే కొద్దిపాటి కరెంటుకు మాత్రం ఆ ముల్లు కదిలీ కదలనట్టుండేది. అన్న ప్లగ్గుకూ సాకెట్టుకూ నడుమ కరెంటు తెచ్చే లైను వైరు ఒక్కదాన్నే విడదీసి, స్టీలు గ్లాసుకు పది చుట్లు చుట్టి, గ్లాసు లాగేసి టేపు వేశాడు. దవడల్లో ఆ రింగు పెడితే మీటరు పదింతలు చూపేది, పదితో భాగించుకుంటే చాలు. ఇంత చిన్న సంగతి సర్టిఫికెట్ ఉన్న నాకెందుకు తట్టలేదని వారం రోజులు అన్నం సయించలేదు.

అప్పుడే షిఫ్టు ఇన్‌ఛార్జి పోస్టు ఒకటి ఖాళీ అయింది. ఇస్తే మా ఇద్దరిలో ఒకరికే. రింగు పనితనం చూడటానికి మర్నాడు పెద్ద ఇంజనీరు వస్తున్నాడని తెలిసింది. భోజనాల వేళ వర్క్‌షాపులో ఎవరూ లేరు. టేపు విప్పి, ఒక చుట్టు తగ్గించి, మిగిలిన వైరును లోపలికి మడిచి, కొత్త టేపు చుట్టి పంటితో కొరికి తెంపాను. లెక్క తప్పి పదిమందిలో ఆయన తెల్లమొహం వేస్తే చూడాలని నా ఆశ.

ఆయనకు ఒక చాదస్తం ఉంది. ఏ పంపు ముట్టుకునే ముందైనా, ఎంత కరెంటు లాగుతుందో ముందే తెలిసిన రెండు వందల వాట్ల బల్బు పెట్టి మీటరు సరిగ్గా చూపుతోందో లేదో చూస్తాడు. "మీటరు మాట నమ్మేముందు బల్బునడగాలె" అంటాడు. కుళ్ళుతో నిండిన నా బుర్రకు అది గుర్తే రాలేదు. మర్నాడు ఇంజనీరు ఎదుటే అన్న రింగుకు బల్బు తగిలించి వెలిగించాడు. పదింతల లెక్కన ఎనిమిదిన్నర ఆంపియర్లు దాటాల్సిన ముల్లు ఎనిమిదికి కూడా చేరలేదు. ఆయన రింగును తిప్పి టేపు కొస చూశాడు. ఆయన టేపును ఎప్పుడూ బ్లేడుతో తిన్నగా కోస్తాడు. ఈ కొస మీద పంటి గాట్లున్నాయి. మొత్తం ఫ్యాక్టరీలో టేపును కొరికేది నేనొక్కణ్ణే. తలెత్తి ఒక్కసారి నా వైపు చూసి, బొటనవేలితో చుట్లు తడిమి లెక్కపెట్టాడు.

"తొమ్మిదే ఉన్నయి సార్. నేను సూస్కోలే. తొమ్మిదితోటి భాగిస్తే సరిపోతది."

ఇంజనీరు కాగితం మీద భాగించి చూశాడు. సరిపోయింది. మీటరు అబద్ధాన్ని పట్టుకునే మనిషే నాకు కావాలని అక్కడే హిందీలో తేల్చేశాడు. చేజేతులా ఆయనకు పోస్టు ఇప్పించింది నేను. సాయంత్రం సైకిళ్ళ దగ్గర అన్న నా పక్కకు వచ్చి మెల్లగా అన్నాడు. "టేపు బ్లేడుతోటి కొయ్యి తమ్మీ. పండ్లు ఖరాబైతయి." అంతే. ఆ ఆదివారం మా అత్తమ్మ పెద్దల్లుడి కోసం కోడిని కోస్తే, నేనూ వెళ్ళి తిన్నాను.

ఆ మాట ఎప్పుడు బయటపెడతాడోనని ముప్పై ఏళ్ళు ప్రతి పెళ్ళిలో, ప్రతి పండుగలో ఆయన నోటి వైపే చూస్తూ బతికాను. దుకాణానికి వెళ్ళొచ్చిన మర్నాడు ఇక తట్టుకోలేక ఇంద్రేశంలో వాళ్ళింటికి వెళ్ళి, ఆ చుట్టు తీసింది నేనేనని చెప్పేశాను. ఆయనకు ఆ ఇంజనీరు స్కూటరు రంగు గుర్తుంది, క్యాంటీన్ ఉప్మాలో వచ్చిన రాళ్ళు గుర్తున్నాయి. ఇది మాత్రం గుర్తు లేదు.

"ఏ చుట్టు తమ్మీ? నువ్వు గట్ల చేసెటోనివి కాదు. ఇగో, చాయ్ చల్లారుతుంది, తాగు."

నేను ఒట్టు పెట్టినా నమ్మలేదు. కాలం ఎవరికైనా ఒక్కలాగే గడుస్తుందంటారు. ఆయనకు హాయిగా గడిచిపోయింది, నాకు ఆ భోజనాల వేళ ఇంకా గడవలేదు. దానికి కూడా ఆయన మీద కుళ్ళుగానే ఉంది.