కొట్టేసిన ఏడు అంకెలు

దుమ్ముగూడెం దగ్గర ఒక వాగు మీద మా ఆఫీసు రెండు రకాలుగా నీటిమట్టం కొలిపించేది. ఒకటి కొత్తగా పెట్టిన సెన్సర్. రెండోది ఒక పెద్దాయన. ఆయన వంతెన స్తంభం మీది స్కేలు చూసి, ఉదయం ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా గంటకొకసారి నోట్‌బుక్‌లో మట్టం రాసి, ఆ పేజీ ఫోటో తీసి పంపేవాడు. ఖమ్మంలో మా ఆపరేటర్ ఆ అంకెల్ని ఎక్సెల్‌లోకి ఎక్కించేది. వానాకాలం అయ్యాక అన్నిటినీ కలిపి ఒక సైంటిఫిక్ డేటా ఫైలుగా మార్చడం నా పని. పెద్దాయన్ని అప్పటికి ఒక్కసారే చూశాను, ట్రైనింగ్ రోజున. నేను కాకా అన్నాను, ఆయన బిడ్డా అన్నాడు.

ఆ ఫైలు ఎంతకీ తయారు కాదు. ప్రోగ్రాం నడిపిన ప్రతిసారీ అంకెల పట్టిక ఆకారం కుదరడం లేదంటూ ఎర్రక్షరాలు. నాకసలే ఓపిక తక్కువ. ప్రోగ్రాం వాడుకునే లైబ్రరీని తీసేసి మళ్లీ ఎక్కించాను. పాత ఫైలు ఎక్కడైనా తెరిచి ఉందేమోనని లాప్‌టాప్ రీస్టార్ట్ చేశాను. డిస్కులో చోటు చూశాను, రాసే పర్మిషన్ చూశాను. పక్క సీటాయన లాప్‌టాప్ లాక్కుని అందులోనూ తంటాలు పడ్డాను. రెండు రోజులు కంప్యూటర్‌ని తిట్టాక, మొదటి గంటలోనే చేయాల్సిన పని మూడో రోజు చేశాను. ఏ రోజుకు ఎన్ని అంకెలున్నాయో ప్రింట్ చేశాను. అన్ని రోజులకూ పదమూడు. ఒక్క రోజుకు మాత్రం ఇరవై.

నా ఫైల్లో రోజుకు పదమూడు గళ్లే. ఎక్కువైన ఏడింటి పక్కన ఆపరేటర్ టైములు కూడా వేసింది, రెండుంబావు, రెండున్నర అంటూ. ‘ఈయనకేం పనిలేదా’ అని విసుక్కుని, పూర్తి గంటల్లో లేనివాటిని కొట్టేసే లైను ఒకటి రాశాను. ఫైలు కిక్కురుమనకుండా తయారైంది. పంపేసి, కిందికి దిగి మిరపకాయ బజ్జీలు తిన్నాను. అవి తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

నెల తర్వాత మీటింగులో రెండు గ్రాఫులూ పక్కపక్కన పెట్టారు. ఆ ఒక్క రోజు మధ్యాహ్నం మూడూ నాలుగూ మధ్య వాగు పొంగి, అంతలోనే తగ్గిందని సెన్సర్ చూపించింది. పెద్దాయన గ్రాఫులో ఆ పొంగే లేదు.

“చూశారా, మనిషి పట్టుకోలేకపోయాడు. ఇక సెన్సర్ చాలు” అన్నాడు మా పై ఆఫీసరు. అందరూ తలలూపారు. నేనూ ఊపాను. నోరు విప్పితే నా పరువు పోతుందని భయపడ్డాను, అంతే. ఆ వారమే, పొంగు పట్టుకోలేదని చెప్పి పెద్దాయన్ని ఇక రావద్దన్నారు.

రెండు వారాలు నాలో నేనే నలిగి, ఫైలు మళ్లీ రాశాను. ప్రతి అంకెతో పాటు దాని టైము కూడా ఉండేలా మార్చడానికి పట్టింది అరగంట. పెద్దాయన అంకెలు సెన్సర్‌తో చక్కగా కలిశాయి. తప్పు నాదేనని ఆఫీసరుకు మెయిల్ పెట్టాను. ‘వచ్చే వానాకాలం చూద్దాం’ అని జవాబు. ఈ సంగతి ఫోన్లో చెప్పే ధైర్యం లేక బస్సెక్కాను.

పెద్దాయన ఇంటి ముందు మిర్చి ఆరబోస్తున్నాడు. నన్ను చూసి మంచం వాల్చాడు. నేను నోరు తెరిచేలోపే ఆయనే మొదలుపెట్టాడు.

“నా ఫోటోనే సరిగ్గ పడలేదేమో బిడ్డా. నాకు కండ్లు ఆనతలేవు. వాగొచ్చిన దినం నడుమ నడుమ గూడ రాసిన నేను.”

“ఫోటో మంచిగనే వచ్చింది కాకా. నేనే తీసేసిన.”

“ఎందుకు?”

“ఫైల్ల పదమూడు గళ్లే ఉన్నయి. పట్టలే.”

ఆయనకు కోపం రాలేదు. వచ్చినా బాగుండేది. లోపలికి వెళ్లి నోట్‌బుక్ తెచ్చి, ఆ రోజు పేజీ తీసి నా చేతికిచ్చాడు. మా ఆఫీసు అచ్చు వేసి ఇచ్చిన పేజీ. అందులోనూ పదమూడు గళ్లే. మిగతా ఏడు అంకెలూ గీత అవతల, టైములతో సహా, ఇరుకిరుగ్గా ఉన్నాయి.

“నాకు గూడ పట్టలే బిడ్డా” అన్నాడు. “అంచుకు రాసిన.”