గంప కింద చింతపిక్క

మా కోడలు దొడ్డిలో పందుల షెడ్డు పెట్టింది. కొత్తగా పాలు మాన్పించిన పిల్లల కోసం అనంతపురం నుంచి తెప్పించిన దాణా మూట కుట్టు విప్పినప్పుడల్లా వేయించిన పప్పు వాసనా ఎండుచేపల వాసనా కలిసి గుప్పుమంటాయి. పిల్లలకు బలమిచ్చే మాంసకృత్తులున్న దాణా అని మూట మీద రాసుందట. నాకు అక్షరాలు కూడబలుక్కుంటే గానీ రావు, ఇది కూడా నేను చెబుతుంటే కోడలే రాస్తోంది. కానీ ఆ వాసన మాత్రం నాకు ఎవరూ చదివి పెట్టనక్కర్లేదు. అది మా అవ్వ చేతుల వాసన.

గార్లదిన్నె పక్కన మా ఊళ్లో చెనక్కాయ, అదే వేరుశనగ, చెట్లు పీకే రోజులొస్తే కళ్లాలన్నీ కుప్పలే, మా నోళ్లన్నీ పచ్చికాయల పాలే. తర్వాత నూనె మిల్లు తిరగడం మొదలుపెడితే, నూనె పిండేయగా మిగిలిన చెక్క వేడివేడిగా గోనెసంచుల్లో మా ఇంటికొచ్చేది. పందుల కోసం తెచ్చిన ఆ చెక్కలో అంచు ముక్క విరిచి బెల్లం పెట్టి అవ్వ మాకిచ్చేది. ఉగాది ఓళిగలు కూడా దాని ముందు నాకు దిగదుడుపే.

పంది పిల్లలకు పాలు మాన్పించడం అవ్వకు పెద్ద పని. ఇంకా తల్లి దగ్గరుండగానే, నానబెట్టిన చెక్కను మెత్తగా నూరి తల్లి పంది పొదుగుకు పూసేది. పాలతోపాటు ఆ రుచి నాలుక్కు తగిలి, తల్లి నుంచి విడదీసిన రోజున పిల్లలు ఏడుపు ఆపి తొట్టి దగ్గరికి తామే వచ్చేవి. గంజిలో తవుడు, చెక్క, ఎండుచేపల పొడి కలిపి మోచేతి దాకా చెయ్యి పెట్టి పిసికేది. ఒకేసారి ఎక్కువ పెడితే కడుపు జారుతుందని, కొంచెం కొంచెంగా పోసేది.

ఒక ఏడు వాన మొహం చాటేసింది. చేలల్లో చెట్లు జానెడు కూడా లేవలేదు, మిల్లు సగం రోజులు మూతే. ఉన్న ఒక్క సంచి చెక్కతో ఆ ఈత పిల్లలన్నీ గట్టెక్కాలి. వాటిలో ఒకటి మరీ చిన్నది, నల్లగా నిగనిగలాడుతూ చింతపిక్కలా ఉండేది. నేను దాన్ని అలాగే పిలిచేదాన్ని. తొట్టి దగ్గరికి వెళితే మిగతావి మూతులతో దాన్ని ఎగరగొట్టేవి. నాయన చూసి చూసి, దానికి చెక్క పెట్టొద్దన్నాడు.

"అది బతికేది కాదులేమ్మా. దాని వంతు మిగిలిన వాటికి పోస్తే అవన్నా నిలబడ్తాయి."

అవ్వ పిసికే చెయ్యి ఆపలేదు. "ఏమప్పా, పుట్టినప్పుడు నువ్వూ ఇంతే ఉంటివి. నిన్ను పారేస్తినా నేను?"

నాయనకు నవ్వొచ్చింది గానీ మాట మార్చలేదు. చివరికి, నా బెల్లం చెక్కలో నేను ఎంత మిగిల్చితే అంత దానికి పెట్టుకోవచ్చని ఒప్పందమైంది. నా నోటికి అంత కష్టం ఎప్పుడూ రాలేదు.

పెట్టడం ఒక ఎత్తు, తిననివ్వడం ఒక ఎత్తు. చింతపిక్కనూ దాని చిప్పనూ కోళ్లను మూసే ఈత గంప కింద పెడితే, పెద్దవి వాసన పట్టి గంపను ఎత్తేసేవి. అందుకని నేను గంపెక్కి కూర్చునేదాన్ని. నా ఈడు పిల్లలు వీధిలో తొక్కుడుబిళ్ల ఆడుతుంటే, నేను మహారాణిలా గంప మీద కూర్చుని ఒళ్లో గచ్చకాయలు ఎగరేసుకుంటూ, కింద అది చప్పరించే చప్పుడు వింటూ, చుట్టూ మూగిన పందులను కాలితో తోస్తూ ఉండేదాన్ని. ఊరంతా నన్ను గంపరాణి అని ఎగతాళి చేసింది. ఒక్కోరోజు కింద చప్పుడు ఆగిపోయేది. వంగి సందులోంచి చూస్తే అది చిప్పలో తల పెట్టి నిద్రపోతుండేది.

అలా చలికాలం గడిచింది. ఒకనాడు పొద్దున నాయన గడప దగ్గర పళ్లు తోముకుంటున్నాడు. గంప నా కింద కదిలింది. సర్దుకుని కూర్చున్నాను. మళ్లీ కదిలి, ఒక పక్కకు లేచి, నన్నూ గచ్చకాయలనూ బురదలో పడేసింది. చింతపిక్క నా మీదుగా దూకి నేరుగా పెద్దవాటి తొట్టిలోకి తల దూర్చింది. నాయన నోట్లో వేపపుల్ల జారిపోయేదాకా నవ్వి, అవ్వను కేకేశాడు.

"అమ్మా, రేపట్నుంచి దీనికీ ఒక వంతు పొయ్."

ఆ రోజు నా చెక్క ముక్క మొత్తం నేనే తిన్నాను, బురద చేతులతోనే.

ఇప్పుడు మా ఊరి మిల్లు లేదు, వేడి చెక్క లేదు. పొదుగుకు చెక్క పూసే అవసరం ఎవరికీ లేదు, మూటలో అన్నీ కలిపే వస్తాయి. మొన్న షెడ్డులో ఒక చిన్న పిల్లను మిగతావి తొట్టి దగ్గరికి రానివ్వడం లేదని కోడలు దిగులుపడుతుంటే, గంప కోసం ఊరంతా అడిగాను. ఒక్క ఇంట్లోనూ ఈత గంప లేదు. చివరికి టమాటాలు పెట్టే ప్లాస్టిక్ పెట్టె బోర్లించి, దాని మీద కూర్చున్నాను. కింద అదే చప్పరింపు.

ఎన్నాళ్లు కూర్చుంటావని కోడలు అడిగింది. అది నన్ను పడేసేదాకా అన్నాను. పెట్టె అంచులు దాటి కూర్చున్న నన్ను ఆమె పైనుంచి కిందిదాకా చూసింది.

"అయితే ఇంకో రెండు మూటలు తెప్పియ్యాల్సిందే అత్తా."