‘పిల్లలు’ అనే కాలమ్, మా డేవిడ్

నిన్న పొద్దున్నే ఎస్సెమ్మెస్ వచ్చింది. “డేవిడ్ నో మోర్.” అంతే.

నా ఫోన్‌లో ముగ్గురు డేవిడ్‌లున్నారు. ఏ డేవిడో రాయలేదు.

అడగాలంటే భయమేసింది. చివరికి పంపినవాడికే ఫోన్ చేశాను.

మన డేవిడే. ఎంసీఏలో నా ప్రాజెక్ట్ పార్ట్‌నర్. జ్వరమని హాస్పిటల్‌లో చేర్చారట, తెల్లవారేసరికి లేడు. ఏమిటిరా ఇది? ఇదేం వయసురా నీకు?

నిన్న సాయంత్రం ఏలూరులో సమాధి చేశారు. గూడెం నుంచి వెళ్లి వచ్చాను. ఇప్పుడు కూర్చుని రాస్తున్నాను. బ్యాచ్‌లో చాలామందికి వాడంటే ‘డిక్షనరీ డేవిడ్’ అనే తెలుసు. ఆ పేరు ఎలా వచ్చిందో నేను చెప్పాలి.

ఫైనల్ ఇయర్ ప్రాజెక్ట్‌కి మండవల్లి దగ్గర ఒక చేపల సొసైటీ దొరికింది మాకు. సభ్యుల వివరాలు కంప్యూటర్‌లో పెట్టాలి, సీజన్‌కి ఎవరికెంత చేప పిల్ల కావాలో లిస్ట్ తీయాలి. ఆ లెక్క ప్రకారం సీడ్, అంటే ఆ చేప పిల్ల, లారీలో వస్తుంది.

ఒక కాలమ్‌కి డేవిడ్ ‘పిల్లలు’ అని పేరు పెట్టాడు. కొల్లేటి ఊళ్లో పిల్లంటే చేప పిల్ల కాక ఇంకేముంటుందని వాడి ధీమా.

సభ్యులంతా ఆఫీసుకొచ్చి వేలల్లో లెక్క చెప్పి వెళ్లారు. శేషమ్మగారు మాత్రం రాలేకపోయారు. భర్త లేడు, ఒక చిన్న చెరువు మీదే ఆవిడ సంసారం. సొసైటీ గుమాస్తాగారు పాపం సాయం చేద్దామని ఆవిడ రేషన్ కార్డు చూసి, ఆ కాలమ్ తనే నింపేశారు.

రెండు.

కంప్యూటర్ కిక్కురుమనకుండా తీసుకుంది.

లారీ వచ్చిన రోజు మేమూ వెళ్లాం, మా ప్రోగ్రామ్ గొప్ప చూసుకుందామని. గుమాస్తాగారు గట్టు మీద నిలబడి గట్టిగా చదువుతున్నారు. “శేషమ్మగారు... రెండు.”

గట్టంతా ఒకటే నవ్వు. ఆవిడ నవ్వలేదు.

“రెండు పిల్లలేంటి బాబూ? చెరువులో వదలమంటారా, కూరొండుకోమంటారా?”

లారీలో సీడ్ లిస్ట్‌కి సరిపడానే ఉంది. “కంప్యూటర్‌లో ఎంతుంటే అంతేనండి, నన్నేం చెయ్యమంటారు?” అన్నారు ప్రెసిడెంట్‌గారు. లారీ మళ్లీ రాదు. ఆ ఏడాదికి ఆవిడ చెరువు ఖాళీ.

డేవిడ్ బకెట్ అందుకుని ఒక్కొక్క రైతు దగ్గరికీ వెళ్లాడు. “తప్పు నాదేనండి, ఆవిడది కాదండి. మీ వాటాలోంచి ఒక్క బకెట్ ఇప్పించండి.”

కొందరు తిట్టారు. తిట్టి, ఇచ్చారు. ఇంటర్వ్యూల కోసం కొనుక్కున్న ప్యాంటుతోనే నడుంలోతు నీళ్లలోకి దిగి, బొచ్చె, శీలావతి చేప పిల్లల్ని ఆవిడ చెరువులో వదిలాడు.

అంతా అయ్యాక ఆవిడ మా ఇద్దరికీ మజ్జిగ ఇచ్చి, నెమ్మదిగా అన్నారు.

“ఆ రెండు కూడా తప్పేనండి బాబూ. నాకు ముగ్గురు. పెద్దోడు పడవ తిరగబడి కొల్లేట్లో పోయాడు. కార్డులోంచి పేరు తీసేశారు. నేను తియ్యలేదు కదండీ.”



మర్నాడు డేటా డిక్షనరీ మొదలుపెట్టాడు. తెలియనివాళ్లకి చెబుతున్నా, ప్రోగ్రామ్‌లో వాడే ప్రతి మాటకీ అర్థం ఏమిటి, ఎంతవరకు ఉండొచ్చు, ఎవర్ని అడిగి నింపాలి అని రాసిపెట్టుకోవడమే అది. మేమంతా వైవా కోసం రెండు పేజీలు గిలికి పడేసేవాళ్లం. వీడు మళ్లీ మండవల్లి వెళ్లి, ఒక్కొక్క మాటా అడిగి రాసుకొచ్చాడు. ‘పిల్లలు’ కాలమ్‌ని రెండు చేశాడు.

చేప పిల్లలు: చెరువులో వదలడానికి కావలసిన సంఖ్య. వందకు తక్కువైతే తీసుకోకూడదు.

సంతానం: తల్లి చెప్పిన సంఖ్య. కార్డు చూసి నింపకూడదు.

వైవాలో ఎక్స్‌టర్నల్ సార్ అక్కడే ఆగారు. “దీనికి సోర్స్ డాక్యుమెంట్ ఏదయ్యా?”

“డాక్యుమెంట్ లేదండి. అమ్మేనండి.”

మార్కులు కోశారు. వాడు మాత్రం మార్చలేదు.

ఆ తర్వాత వాడితో వేగడం మా వల్ల కాలేదు. టీకి వస్తావా అంటే టీ అంటే టీయేనా, సమోసా కూడానా అనేవాడు. తన పెళ్లికి పాస్టర్‌గారినే అడిగాడు, పదింటికి అంటే చర్చిలోకి రావడమా, ప్రమాణాలు మొదలవడమా అని. పెళ్లికూతురు సుజాత ముసుగులో నవ్వింది. నిన్న ఆ సుజాత వైపు చూడలేకపోయాను.

ఉద్యోగంలోనూ అంతే. మాట అర్థం తేలందే కంప్యూటర్‌లో ఒక్క టేబుల్ కట్టేవాడు కాదు. లేటవుతోందని బాస్‌లు విసుక్కునేవాళ్లు. వాడు కట్టినవి మళ్లీ విప్పాల్సిన పని మాత్రం రాలేదు.

చాలా మంచివాడు. నాకు చాలా ఇష్టం వాడంటే. ఈ మాట వాడితో ఎప్పుడూ అనలేదు, మగపిల్లలం కదా, తిట్టుకోవడంతోనే సరిపోయింది.

నిన్న సమాధి దగ్గర నుంచి డేవిడ్ వాళ్లింటికొచ్చాక, వాళ్లమ్మగారు వరండాలో కూర్చున్నారు. పరామర్శకు వచ్చిన ఒక పెద్దావిడ, కొత్తావిడే, పక్కన కూర్చుని అడిగారు. “మీకెంతమంది పిల్లలమ్మా?”

అందరం తలలు దించుకున్నాం.

“ఇద్దరండి,” అన్నారు అమ్మగారు. “పెద్దవాడు డేవిడ్. చిన్నది గ్రేస్.”

ఎవరూ దిద్దలేదు.

హాయిగా పడుకోరా డేవిడ్. ప్రభువు నీకు నెమ్మదినివ్వాలి, అమ్మకీ సుజాతకీ ఓర్పునివ్వాలి.