తెరుచుకోని రెండో పాఠం

మా మేడమ్ గారు పోయారని పోయిన వారం ఒకరోజు పొద్దున్నే కాలేజీ గుమస్తా ఫోన్ చేసి చెప్పాడు. అప్పుడు నేను కంప్యూటర్ ముందు కూర్చుని ఆన్‌లైన్ విద్యార్థుల ప్రశ్నలకు జవాబులు రాస్తున్నాను. వెంటనే లేవాలి. కానీ మిగిలిన ఒక్క ప్రశ్నకూ జవాబు రాసి గానీ లేవలేకపోయాను. అది ఆమె నేర్పిన అలవాటు. నాకు చాలా ఆలస్యంగా అబ్బింది.

ఆమె స్టాటిస్టిక్స్ చెప్పేవారు. తొంభైల్లో పోస్టు ద్వారా చదువుకునేవాళ్ళందరి బాధ్యతా ఆమెదే. స్టీల్ ప్లాంటులో షిఫ్టులు చేసేవాళ్ళు, పోర్టులో పనిచేసేవాళ్ళు జవాబు పత్రాలు కవర్లలో పెట్టి పంపేవారు. ఆమె మార్కులు వేసి ఊరుకునేవారు కాదు. "నైట్ షిఫ్టు దిగి రాసినట్టున్నావు. నాలుగో లెక్క నిద్రలో తప్పింది, మళ్ళీ చెయ్యి" అని పక్కన రాసి పంపేవారు. స్టాఫ్ రూములో మేం నవ్వుకునేవాళ్ళం.

కొన్నేళ్ళకు కాలేజీలో ఆన్‌లైన్ కోర్సు పెట్టారు. కంప్యూటర్ తెలిసినవాణ్ణని నన్ను ఇన్‌ఛార్జిని చేశారు. అప్పటికి ఆమె రిటైర్మెంటు ఇంకో ఏడాది ఉంది. మౌస్ పట్టుకోవడం సరిగ్గా రాకపోయినా నా బల్ల దగ్గరికొచ్చి కూర్చునేవారు.

"పాఠం పొడుగైపోతంది బాబూ. పని నుంచొచ్చిన మనిషి ఒక్క కూర్చోటంలో చదివేటంతే పెట్టు."

ఇంకోరోజు, "అడిగినోళ్ళకి ఆ రోజే జవాబియ్యి. తెలీకపోతే చూసి చెప్తానని రాయి. అదీ జవాబే" అన్నారు.

మరోసారి, "పెట్టీసి ఊరుకోకు. ఏ నెట్ సెంటర్‌కో వెళ్ళి నువ్వే తెరిచి చూడు, ఎంతసేపు పడతాదో" అన్నారు.

తలూపేవాణ్ణి. ఉత్తరాల కాలం మనిషి, ఈవిడకేం తెలుసులే అనుకునేవాణ్ణి. పుస్తకం పేజీలు పేజీలుగా స్కాన్ చేసి పెట్టేసి, పని అయిపోయిందనుకునేవాణ్ణి.

వరసగా మూడు అసైన్‌మెంట్లు పంపకపోతే పేరు కొట్టేయాలని నిబంధన. ఆ ఏడు కొండ అవతల యారాడ అనే పల్లె నుంచి చేరిన ఒకమ్మాయి పేరు అలాగే కొట్టేశాను. నోటీసు బోర్డు మీద జాబితా చూసి మేడమ్ గారు నా దగ్గరికొచ్చారు.

"ఈ పిల్లకి ఏటైంది?"

"తెలీదు మేడమ్. రెండుసార్లు మెయిల్ పంపాను."

"మెయిల్ చూసుకోలేకపోతన్న మనిషికి మెయిలే పంపించావా?"

ఆదివారం చర్చి అయ్యాక ఆమె నన్ను వెంటబెట్టుకుని యారాడ బస్సెక్కారు. కొండ దిగాక ఇల్లు అడుక్కుంటూ వెళ్ళాం. వాకిట్లో ఆ అమ్మాయి, వాళ్ళమ్మ చేపలు ఎండబెడుతున్నారు. నేనెవరో తెలిశాక ఆ పిల్ల చేతులు లంగాకు తుడుచుకుని నిలబడింది.

"మావూళ్ళో నెట్ సెంటర్ నేదు సార్. కొండ దాటి సింధియా ఎల్లాలి. నాలుగు వారాలు ఎల్లాను. మీ రెండో పాఠం సగం దిగీసరికి నాను డబ్బులు కట్టిన గంట అయిపోయీది. మీకు రాశాను కూడాను."

మర్నాడు కాలేజీకి వెళ్ళి వెతికాను. ప్రశ్నలు రాసే పేజీలో అడుగున ఉంది: 'సార్, రెండో పాఠం తెరుచుకోవడం లేదు. నాకు ఒక్కదానికేనా?' నెలన్నర కిందటిది. నేను చూడనే లేదు.

ప్రిన్సిపాల్ గారిని అడిగి పేరు మళ్ళీ రాయించమన్నారు మేడమ్ గారు. అడగాలంటే తప్పు నాదని చెప్పాలి. అప్పటికే స్టాఫ్ మీటింగులో నా కోర్సును అందరూ మెచ్చుకుంటున్నారు. రెండు రోజులు తాత్సారం చేసి, "ఇక కుదరదంటున్నారు మేడమ్" అని చెప్పాను. నేను అసలు అడగనే లేదు.

ఆమె కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "సరే బాబూ" అన్నారు.

ఆ తర్వాత నేను మారాను. పాఠాలు చిన్నవి చేశాను, నెట్ సెంటర్లో కూర్చుని తెరిచి చూసుకున్నాను, పలకనివాళ్ళకు ఫోన్లు చేశాను. కోర్సుకు మంచి పేరొచ్చింది. అబద్ధం మాత్రం అలాగే ఉండిపోయింది. ఆమె రిటైరయ్యాక పండక్కో పబ్బానికో కలిసినప్పుడల్లా చెప్పేద్దామనుకుని, కాఫీ తాగి వచ్చేసేవాణ్ణి. పోయిన నెల ఆసుపత్రిలో చూడబోతే, నీరసంగా ఉండి కూడా అడిగారు.

"ఆ యారాడ పిల్ల మళ్ళీ చేరిందా బాబూ?"

"చేరుతుంది మేడమ్" అన్నాను. ఆమె నా వైపు కాసేపు చూసి కళ్ళు మూసుకున్నారు. నిద్రొచ్చిందనుకున్నాను.

అంత్యక్రియల రోజు సమాధుల తోటలో జనం పలచబడ్డాక ఒకామె దగ్గరికొచ్చి నమస్కారం పెట్టింది. మెడలో రొయ్యల కంపెనీ కార్డు. ముందు గుర్తుపట్టలేదు. యారాడ అమ్మాయేనని గుర్తుపట్టాక, ఇన్నేళ్ళూ మేడమ్ గారికి చెప్పలేనిది ఆమెకు చెప్పేశాను.

"నీ గురించి నేను ప్రిన్సిపాల్ గారిని అడగలేదమ్మా."

"తెలుసు సార్. మీరు కుదరదన్నాక మేడమ్ గారే ఎల్లి అడిగారంట. ఆయన ఒప్పుకున్నారంట గానీ, ఇన్‌ఛార్జి సార్ వచ్చి సంతకం పెట్టాలన్నారంట. 'ఆయనే వస్తాడు, నాను మళ్ళీ అడిగితే సిన్నబుచ్చుకుంటాడు, కాస్త ఆగు' అన్నారు మేడమ్ గారు. ఆ ఏడంతా సూశాను సార్. తర్వాత పన్లో సేరిపోనాను."

ఆమె మాటలో కోపం లేదు. బస్సు టైమెంతో చెప్పినంత మామూలుగా చెప్పింది. మేడమ్ గారు ఒక్కసారి గట్టిగా అడిగి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది. ఆ మాట అనుకునే హక్కు నాకు లేదనీ తెలుసు.

ఆమె వంగి, గుప్పెడు మట్టి తీసి సమాధి మీద వేసి, చేతులు దులుపుకోకుండా అక్కడే నిలబడింది. ఐసులో రొయ్యలు ఒలిచి ఒలిచి తెల్లగా ముడతలు పడిపోయిన వేళ్ళు. వాటికి అంటుకుని, ఇంకా తడిగా, ఎర్రమట్టి.