లెన్సు నడుమ గీత

సురంగల్‌ల మా ఇంట్లనే కూసొని, కంపెనీ పని మీద కంప్యూటర్‌ల టార్చిలైటుకు ఒక లెన్సు డిజైన్ చేస్తున్న. గుండ్రటి స్తంభం లాంటి ఆకారం గీసి, దాని మీద చిన్న గోపురం లాంటిది పెట్టిన. కంప్యూటర్‌లనే దాంట్లకెల్లి వెలుగు పంపి చూస్తే కిరణాలు నేరుగ పోకుండ నడుమనే చెదురుతున్నయి. రెండు దినాలు కొలతలన్నీ తిరగేసినా తప్పు దొరకలే.

టమాట చేను నుంచి వచ్చిన అవ్వ నా ఎనక నిలబడి స్క్రీన్ చూసింది.

"ఆ రెండిటి నడుమ గీత ఏంది బిడ్డా? అతకలేదా?"

పెద్దగ చేసి చూసిన. వెంట్రుకంత సందు ఉన్నది. గోపురాన్ని జర కిందికి దించి, యూనియన్ ఆప్షన్‌తోని రెండిటినీ ఒకటే ముద్ద చేసిన. మళ్ల వెలుగు పంపితే కిరణాలు తిన్నగ పోయినయి.

తెల్లారి ఆన్‌లైన్ మీటింగ్‌ల, తప్పు ఎట్ల దొరికిందని మేనేజర్ అడిగిండు.

"మా అవ్వ చూపించింది సార్" అన్న.

అందరు నవ్విన్రు. జోక్ కాదని మళ్ల చెప్పిన.